కరణమూ ఉపపత్తీ: లెక్కకు మార్కు వేయడంలోని న్యాయం

మూల్యాంకనం అంటే విలువకు అంకె వేయడం. చిలకలూరిపేట ప్రాంతంలో పత్తికి విలువ కట్టేటప్పుడు సరుకు ఎదురుగా ఉంటుంది. పింజ లాగి చూస్తారు, తేమ చూస్తారు, ధర చెబుతారు. విద్యార్థి చేసిన లెక్కకు మార్కు వేసేటప్పుడు ఎదురుగా ఉండేది కాగితం మాత్రమే. విలువ కట్టవలసింది ఆ కాగితం వెనుక ఉందని భావిస్తున్న అవగాహనకు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరాన్ని ఊహతో పూడ్చే హక్కు దిద్దేవారికి ఎంతవరకు ఉందన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. విద్యాశాస్త్రంలో ఇది విధానజ్ఞానం, భావనాజ్ఞానం అనే భేదంగా చర్చకు వస్తుంది. తెలుగు గణిత వాఙ్మయాన్నీ, తెలుగు పండితులకు చిరపరిచితమైన తర్కశాస్త్ర పరిభాషనూ దగ్గర పెట్టుకొని చూస్తే, అది బోధనాపద్ధతికి మాత్రమే చెందిన ప్రశ్న కాదనీ, ఒక మనిషి మరొక మనిషి గురించి తీర్పు చెప్పడంలోని న్యాయానికి చెందిన ప్రశ్న అనీ తెలుస్తుంది.

ఒక ఉదాహరణతో మొదలుపెట్టవచ్చు. 2 వర్గమూలం కరణీయ సంఖ్య అని నిరూపించమనడం పదో తరగతి గణితంలో అందరికీ తెలిసిన ప్రశ్న. నిరూపణ చిన్నదే. ఆ వర్గమూలం ఒక భిన్నానికి సమానమనీ, ఆ భిన్నం కనిష్ఠ రూపంలో ఉందనీ అనుకోవాలి. ఇరువైపులా వర్గం చేస్తే లవం వర్గం 2తో భాగింపబడుతుంది. కనుక లవమూ 2తో భాగింపబడుతుంది, దాన్నిబట్టి హారమూ భాగింపబడుతుంది. భిన్నం కనిష్ఠ రూపంలో ఉందన్న మొదటి మాటకు ఇది విరుద్ధం. చిలకలూరిపేటలోని ఏదో ఒక బడిలో ఇద్దరు విద్యార్థులు ఈ నిరూపణను అక్షరం తేడా లేకుండా రాశారని అనుకుందాం. ఇద్దరికీ పూర్తి మార్కులు వస్తాయి. ఆ తర్వాత వారిని 2కు బదులు 4 పెట్టి రాయమంటే మొదటివాడు అదే వరుసలో రాసుకుపోయి, 4 వర్గమూలం కూడా కరణీయ సంఖ్యేనని నిరూపించి, కింద గీత గీస్తాడు. రెండోవాడు ఒక పంక్తి దగ్గర ఆగుతాడు. లవం వర్గం 4తో భాగింపబడినంత మాత్రాన లవం 4తో భాగింపబడనక్కరలేదు. 6 వర్గం 36ను 4 భాగిస్తుంది, 6ను భాగించదు. నిరూపణ ఎక్కడ విరుగుతుందో తెలిసినవాడికే అది ఎందుకు నిలుస్తుందో తెలుసు. మొదటి కాగితంలో మాత్రం ఆ తేడా జాడ ఎక్కడా లేదు.

గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. నిరూపణ అంటేనే అవగాహన అనీ, గుణకారం, భాగహారం వంటివి కేవల విధానమనీ సాధారణంగా అనుకుంటారు. ఇక్కడ నిరూపణే విధానంగా మారిపోయింది. కనుక ప్రశ్న స్వభావాన్ని బట్టి ఇది అవగాహన, ఇది విధానం అని విడదీయడం కుదరదు. దేన్నైనా వల్లె వేయవచ్చు.

మల్లన దారి

చిలకలూరిపేటకు దక్షిణంగా, ఇంకొల్లు దగ్గర పావులూరు అనే ఊరుంది. తొలి తెలుగు గణిత గ్రంథకర్త పావులూరి మల్లన స్వస్థలంగా దాన్నే గుర్తిస్తారు. క్రీస్తుశకం తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలానికి చెందిన జైన గణితవేత్త మహావీరాచార్యులు సంస్కృతంలో గణితసారసంగ్రహం రచించాడు. దాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గ్రంథకర్త రాజరాజనరేంద్రుని సమకాలికుడైన మల్లనా, లేక అతని మనుమడైన మల్లనా అన్న చర్చ సాహిత్య చరిత్రకారుల్లో ఉంది; ప్రస్తుత విషయానికి అది అడ్డు రాదు. మూలంలోని జైన ప్రసక్తుల స్థానంలో మల్లన శైవ ప్రసక్తులను చేర్చాడు, తన సొంత ఉదాహరణలూ కలిపాడు. అంటే అనువాదకుడుగా అతను సూత్రాన్ని ఉంచి, ఉదాహరణను మార్చాడు. ఉదాహరణను మార్చగలగడం సూత్రం అర్థమైందనడానికి మంచి గుర్తు. అది వ్యాఖ్యానం రాసి చూపిన అవగాహన కాదు, చేసి చూపిన అవగాహన.

సంస్కృత గణిత గ్రంథాల్లో సూత్రాన్ని కరణసూత్రం అంటారు. అంటే చేసే తీరును చెప్పేది. దాని వెంట ఉద్దేశకం, అంటే ఉదాహరణ వస్తుంది. ఇలా చేస్తే ఎందుకు సరిపోతుందో చెప్పేది ఉపపత్తి. ఇది ఎక్కువగా మూలగ్రంథంలో ఉండదు, వ్యాఖ్యానాల్లో ఉంటుంది. లీలావతికి 16వ శతాబ్దిలో గణేశ దైవజ్ఞుడు రాసిన బుద్ధివిలాసిని ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఉపపత్తి తెలియని గణకుడికి విద్వత్సభలో ప్రౌఢి ఉండదనీ, తనకు తానే నిస్సందేహం కాలేడనీ భాస్కరాచార్యులు 12వ శతాబ్దిలోనే అన్నాడు. ఇందులో రెండో మాట మొదటిదానికంటే ముఖ్యం. ఉపపత్తి పరీక్షకుణ్ణి ఒప్పించడానికే కాదు, లెక్క చేసినవాడి సొంత సందేహం తీరడానికి కూడా. గ్రామ లెక్కలు రాసే ఉద్యోగికి కరణం అన్న పేరు రావడమూ, ఆ పేరుకూ కరణసూత్రానికీ మూలం 'చేయు' అనే అర్థం గల ఒకే ధాతువు కావడమూ ఇక్కడ గుర్తుకు వస్తాయి. మల్లన కూడా కరణమే. ఊరి శిస్తు లెక్క చూసే కరణాన్ని ఉపపత్తి చెప్పమని ఎవరూ అడగరు. లెక్క తప్పితే మాత్రం నష్టపోయేది రైతు.

మహావీరుని గుణకార ఉదాహరణల్లో కొన్ని కేవలం ముచ్చట కోసం కూర్చినట్లుంటాయి. 152207ను 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు వరుసగా వస్తాయి: 11111111. 142857143ను 7తో గుణిస్తే రెండు కొసలా ఒకట్లు, మధ్యలో ఎనిమిది సున్నలు వస్తాయి. మహావీరుడు వాటిని హారాలతో పోల్చాడు. ఇవి విధానాన్ని సాధన చేయించే లెక్కలే, అయినా ఫలితం వచ్చాక పలక దించనివ్వవు. ఇలా ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న పిల్లవాడి నోట దానంతట అదే పుట్టాలని కూర్చినట్లుంటాయి. ఎనిమిది ఒకట్ల సంఖ్యకు 11, 73, 101, 137 అనే నాలుగు కారణాంకాలు ఉన్నాయనీ, 73ను పక్కన పెట్టి మిగిలిన మూడింటిని గుణిస్తే 152207 వస్తుందనీ తెలుసుకున్నవాడు ఆ హారాన్ని తానూ గుచ్చగలడు. వల్లెవేత, అవగాహన పరస్పర శత్రువులన్న ఆధునిక నమ్మకాన్ని ఈ ఉదాహరణలు కొంత సడలిస్తాయి.

ఆ నమ్మకానికి వలస పాలన కాలంలో ఒక మూలం కనిపిస్తుంది. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ దేశీయ పాఠశాలలపై పంపిన నివేదికలో, తక్కువ ఖర్చుతో నడిచే ఆ బడుల పద్ధతిని మెచ్చుకుంటూనే, పిల్లలు అర్థం తెలియని పద్యాలను చిలకల్లా అప్పజెబుతారని రాశాడు. తర్వాత 1918లో రవీంద్రనాథ్ ఠాగూర్ తన వ్యంగ్యకథలో గ్రంథాల పుటలు కుక్కి చంపిన చిలకను వలస విద్యావ్యవస్థకే ప్రతీకగా నిలబెట్టాడు. చిలకను పేరులోనే పెట్టుకున్న ఊరి గురించి రాసేటప్పుడు ఆ పక్షి పట్ల కాస్త ఉదారంగా ఉండటం మంచిది. తమిళ ప్రాంతపు తిణ్ణె బడుల లెక్కలను పరిశోధించిన డి. సెంథిల్ బాబు, అక్కడి కంఠస్థ విద్య అర్థరహిత పునరుక్తి కాదనీ, కొలతలూ మారకాలతో నిండిన జీవితానికి అది ఒక నైపుణ్య సాధన అనీ చూపాడు. వీసం, పరక, పాతిక, అర, ముప్పాతికల ఎక్కాలు చదివిన తెలుగు వీధిబడి పిల్లవాడి విషయంలోనూ ఇదే నిజం కావచ్చు. ఎక్కం నోటికి రావడం వేరు, దాన్ని ఎక్కడ వాడాలో తెలియడం వేరు. కానీ మొదటిది లేనివాడికి రెండోది చేతికి అందదు.

త్రైరాశికం ఎక్కడ చెల్లదు

'ఎక్కడ వాడాలి' అన్న మాటను త్రైరాశికంతో విడమరచవచ్చు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగిస్తే కావలసింది వస్తుంది. ఆర్యభటుని నాటికే ఈ సూత్రం స్థిరపడింది. వంద కిలోల పత్తిని జిన్నింగు చేస్తే 34 కిలోల దూది వచ్చిందనుకుంటే 250 కిలోలకు 85 కిలోలు. ఇక్కడ సూత్రం నిలుస్తుంది. ఒక చేను పత్తిని ఎనిమిది మంది కూలీలు ఆరు రోజుల్లో తీస్తే పన్నెండు మంది ఎన్ని రోజుల్లో తీస్తారు అంటే, సూత్రాన్ని ఉన్నదున్నట్లు ప్రయోగించినవాడు తొమ్మిది రోజులంటాడు. మనుషులు పెరిగితే రోజులు పెరగడమేమిటని వాడికి అనుమానం రాదు. వ్యస్త త్రైరాశికం తెలిసినవాడు నాలుగు రోజులంటాడు. ఇక మూడో ప్రశ్న: ఒక లారీ బాడీని ఎనిమిది మంది ఆరు రోజుల్లో కడితే నలభై ఎనిమిది మంది ఒక్క రోజులో కడతారా? వ్యస్త త్రైరాశికం ఔనంటుంది. జాతీయ రహదారి పక్కన పెరిగిన ఏ పిల్లవాడూ ఔననడు. ఒక లారీ చుట్టూ నలభై ఎనిమిది మంది నిలబడటానికే చోటుండదు. పై చట్రం బిగించాలంటే కింది చట్రం బిగిసి ఉండాలి. పరీక్షాపత్రంలో ఈ ప్రశ్న వచ్చి, ఒక విద్యార్థి 'కట్టలేరు' అని రాస్తే మార్కులు రావు. పోతే ఆ జవాబు వెనుక ఉన్నది గణితపు అవగాహన కాదా? సూత్రం వర్తించే హద్దు తెలియడం సూత్రజ్ఞానంలో భాగమే అయితే, ఆ విద్యార్థి నలుగురికంటే ఎక్కువ గణితం చేశాడు.

పొగా నిప్పూ

మార్కు వేయడం ఒక అనుమానం. పొగను చూసి నిప్పును అనుమానించినట్లు, జవాబును చూసి అవగాహనను అనుమానిస్తారు. తర్కసంగ్రహం పాఠం చదివినవారికి ఆ అనుమానం ఎక్కడ చెడుతుందో తెలుసు. సరైన జవాబు అవగాహన ఉన్నచోటా ఉంటుంది, లేనిచోటా ఉంటుంది. కనుక అది సవ్యభిచార హేతువు, అనైకాంతికం. అమెరికాలో 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ ప్రచురించిన ఒక అధ్యయనం ఇందుకు నిదర్శనం. బెన్నీ అనే పేరుతో అందులో కనిపించే పన్నెండేళ్ల బాలుడు తన తరగతిలో మంచి మార్కులతో ముందుకు సాగుతున్నవాడు. అతనితో కూర్చొని మాట్లాడినప్పుడు, పదింట రెండు వంతులను దశాంశంలో 1.2 అని రాస్తున్నాడని బయటపడింది. లవహారాలను కూడి మధ్యలో చుక్క పెడుతున్నాడు. అతని సూత్రాలన్నీ అతను కల్పించుకున్నవే. వాటిలో కొన్ని సరైన జవాబులు ఇస్తున్నాయి గనుక కాగితం మీద తప్పు బయటపడలేదు. సూత్రాన్ని పట్టుకోవడం, సంబంధాన్ని పట్టుకోవడం అనే రెండు రకాల అవగాహనలున్నాయని రిచర్డ్ స్కెంప్ 1976లో చేసిన విభజన కూడా ఇటువంటి అనుభవాల మీదే నిలిచింది.

అయితే ఎదురు దిక్కున ఉన్న దోషాన్ని విద్యాశాస్త్రం తగినంత గట్టిగా చెప్పినట్లు కనబడదు. తర్కశాస్త్రం చెప్పింది. నిప్పు ఉన్నది గనుక పొగ ఉంటుంది అనడమూ తప్పే. కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె తోడు కావాలి. దాన్ని ఉపాధి అంటారు. అవగాహన కాగితం మీద కనిపించాలంటే కావలసిన తడి కట్టె భాష. 'కారణం వివరించండి' అన్న ప్రశ్న అవగాహనను కొలుస్తున్నానంటూ చాలాసార్లు ఆ తడి కట్టెనే కొలుస్తుంది.

ఈ మాటకు ఆంధ్రప్రదేశ్‌లో ఈనాడు ప్రత్యేకమైన బరువుంది. ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తర్వాత కూడా బోధన ఆంగ్లం వైపే జరిగింది. పాఠ్యపుస్తకాలు ఒక పుట ఆంగ్లంగా, ఎదుటి పుట తెలుగుగా ద్విభాషా రూపం పొందాయి. తెలుగు పుటలో అర్థం చేసుకొని ఆంగ్ల పుటలో జవాబు రాసే విద్యార్థికి విధానం ఒక ఆశ్రయం. అంకెలకూ గుర్తులకూ మాధ్యమం లేదు. వివరణకు ఉంది. విధానానికి ఇచ్చే మార్కులు తగ్గించి వివరణకు మార్కులు పెంచితే మొదట నష్టపోయేది అర్థం కానివాడు కాదు, అర్థమైనా చెప్పలేనివాడు. రాష్ట్ర గణిత పాఠ్యపుస్తకాలు సమస్యాసాధనతోపాటు కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అనే విద్యాప్రమాణాలను పెట్టుకున్నాయి. ఉద్దేశం మంచిదే. 'వ్యక్తపరచడం' ఏ భాషలో అన్నదే చిక్కు.

పైకి వినిపించే ధ్వనిని బట్టి లోపలి విద్యను అంచనా వేయడం ఎంత ప్రమాదమో తెలుగు సాహిత్యం ఎప్పుడో చూపింది. కన్యాశుల్కంలో తల్లి ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం అర్థసంబంధం లేని ఇంగ్లీషు ముక్కలు వల్లిస్తారు. ఆమె సంతోషిస్తుంది. వెంకటేశం పరీక్ష తప్పినవాడన్న సంగతి ప్రేక్షకుడికి తెలుసు, తల్లికి తెలియదు. గురజాడ ఆ తల్లిని అపహాస్యం చేస్తున్నాడని సాధారణంగా చదువుతారు. ఆమె స్థానంలో జవాబుపత్రం దిద్దేవారిని కూర్చోబెట్టి కూడా ఆ దృశ్యాన్ని చదవవచ్చు.

ఎవరితో అంటున్న మాట

మార్కు అనేది ఒక వాక్యం. అది ఇద్దరితో మాట్లాడుతుంది. విద్యార్థితో 'నీకు ఇంత వచ్చు' అంటుంది. లోకంతో 'ఇతడు ఇంతటివాడు' అంటుంది. 4 వర్గమూలాన్ని కూడా కరణీయమని నిరూపించగల మొదటి విద్యార్థికి పూర్తి మార్కులు వేసినప్పుడు లోకానికి పెద్ద నష్టం లేదు. అతనికి చెప్పింది మాత్రం అబద్ధం. ఇంటర్మీడియట్‌లో కలనగణితం ముందు కూర్చున్నాక ఆ అబద్ధం అతనికి తెలుస్తుంది. అప్పటికి అతను దాన్ని తన బుద్ధిహీనతగా అర్థం చేసుకుంటాడు తప్ప, తనకు చెప్పిన అబద్ధంగా కాదు. ఇది చిన్న అన్యాయం కాదు.

ఎదుటి వాదనకూ బలముంది. ఆ విద్యార్థికి బడిలో చెప్పింది ఈ నిరూపణే, ఇలాగే రాయమన్నారు, ఇలా రాస్తే ఇన్ని మార్కులన్నారు. అతను తన వంతు నిష్ఠగా చేశాడు. చివర కూర్చొని 'నీకు అర్థం కాలేదు' అని మార్కులు తగ్గించడం ఒప్పందం తప్పడమే. అర్థం అయ్యేలా చెప్పవలసిన బాధ్యత ఎవరిది? వారికి సున్న వేసేవారు లేరు. పత్తి ఏరే కుటుంబాల పిల్లలకు పదో తరగతి మార్కుల జాబితా ఒక పనిముట్టు. దాన్ని తత్త్వచర్చ పేరుతో మొద్దుబార్చే ముందు, మొద్దుబార్చేవారు తాము ఏ మార్కుల మీద ఇక్కడికి వచ్చారో చూసుకోవాలి.

ఈ రెండు వాదనలకూ నడుమ దారి ఒకటుంది. వివరించమని అడగక, సమస్యను మార్చి ఇవ్వడం. 2 స్థానంలో 4 పెట్టడం, లారీ ప్రశ్న వంటిది అడగడం. ఇక్కడ జవాబు ఒక్క పంక్తి, ఒక్క అంకె కావచ్చు. తడి కట్టె అవసరం తగ్గుతుంది. మల్లన ఉదాహరణలు మార్చి చూపిన అవగాహన ఇటువంటిదే. అవధాన విద్యలో పృచ్ఛకుడు చేసేదీ ఇదే. ఎవరూ ఊహించని సమస్య ఇస్తేనే పూరణకు విలువ. ముందే తెలిసిన సమస్యను పూరిస్తే అది ధారణ మాత్రమే. ధారణకు గౌరవం లేదని కాదు, దానికి వేరే అంశముంది. స్మృతిని ప్రమ లెక్కలోంచి వేరుచేసిన తార్కికులు కూడా దాన్ని బుద్ధిలో భాగంగానే ఉంచారు.

కానీ ఈ దారికి ఆయుష్షు తక్కువ. ఈ ఏడాది పబ్లిక్ పరీక్షలో 4 వర్గమూలం గురించి అడిగితే, వచ్చే ఏడాది గైడులో ఆ ప్రశ్నా దాని జవాబూ ఉంటాయి. అప్పుడు అదీ ఒక కరణసూత్రమే. మార్చిన సమస్య ఒక్కసారే పనిచేస్తుంది. పిల్లలకు ఇంతకుముందు ఏం చెప్పారో, ఏం చెప్పలేదో తెలిసినవారే దాన్ని తయారుచేయగలరు. అంటే తరగతి గది ఉపాధ్యాయులు. బెన్నీ విషయం కూడా పక్కన కూర్చొని మాట్లాడితేనే బయటపడింది. ఇక్కడే అసలు ఘర్షణ. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి కొన్నేళ్లపాటు 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు పాఠశాలలోనే జరిగే అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. ఉపాధ్యాయుడు కళ్లారా చూసిన దానికి విలువ ఇవ్వడానికి అది ఒక అవకాశం. ఇరవైకి ఇరవై ఉదారంగా పంచుతున్నారన్న విమర్శల నడుమ 2019లో ఆ ఇరవై మార్కులు రద్దయ్యాయి. విద్యార్థిని చూడగలిగినవారి మాట మీద లోకానికి నమ్మకం లేదు. లోకం నమ్మే పరీక్షకుడికి విద్యార్థి కనబడడు. అతని ముందు ఒక సంఖ్య ఉన్న జవాబుపత్రం ఉంటుంది, పక్కన దిద్దవలసిన కట్ట ఉంటుంది.

కనుక పబ్లిక్ పరీక్ష విధానానికి, సోపానాలకు మార్కులు వేయడాన్ని అజ్ఞానమని తీసిపారేయడం సరికాదు. ఎవరు దిద్దినా అదే మార్కు రావాలన్న సమత్వ నియమం అందులో ఉంది, అది పేదవాడికి రక్షణ. అది కొలిచేది అవగాహన అని చెప్పుకోవడం మాత్రం మానుకోవాలి. తరగతిలో ఉపాధ్యాయుడు వేసే మార్కు మరోరకం మాట. అది లోకంతో మాట్లాడదు గనుక ధైర్యంగా నిజం చెప్పగలదు: 'జవాబు సరిపోయింది, నీకు ఇంకా తెలియలేదు' అని. అలా చెప్పే మార్కును ఏ జాబితాలోనూ కలపకుండా ఉంచితేనే అది బతుకుతుంది. యాజమాన్యాలు, తల్లిదండ్రులు ప్రతి మార్కునూ జాబితాలోకి లాగుతున్న రోజుల్లో అంతమాత్రం కూడా తేలిక కాదు.

జవాబుపత్రంలో చిత్తుపనికి వేరే చోటు ఉంటుంది. అక్కడ రాసింది దిద్దరు, అడ్డంగా గీత కొట్టి వదిలేస్తారు. 2 వర్గమూలం నిరూపణను చక్కగా రాసి, పక్క పుటలో చిత్తుగా 6 వర్గం 36, 36ను 4 భాగిస్తుంది, 6ను భాగించదు అని ఎవరో వేసుకొని ఉండవచ్చు. ఆ పుట మీద కూడా గీతే పడుతుంది.